గోడ దాటిన వైరు: ఇంటి నుంచి షెడ్డుకు భూమిలో వేసే అలారం, డేటా లైన్లు

(ఒంగోలులో ఎలక్ట్రీషియన్లు, సీసీ కెమెరాల పని చేసేవారు, ఐటీఐ విద్యార్థులు కూర్చున్న సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. ఆదివారం పూట పనులు మానుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ఇంట్లో వైరింగ్ గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. గోడకు గాడి కొట్టడం, పైపు వేయడం, బోర్డు కట్టడం మీ చేతికి అలవాటైన పని. నేను మాట్లాడేది ఇంటి గోడ దాటి బయటికి వెళ్లి, భూమిలోకి దిగి, అవతల ఇంకో కట్టడంలో పైకి లేచే వైరు గురించి. అది కారు షెడ్డు కావచ్చు, ట్రాక్టర్ షెడ్డు కావచ్చు. టంగుటూరు, కొండపి వైపు అయితే పొగాకు ఆరబెట్టే బ్యారన్ కావచ్చు, కొత్తపట్నం వైపు అయితే రొయ్యల చెరువు గట్టు మీద మేత గది కావచ్చు. పని మాత్రం ఒకటే.

ముప్పై నలభై మీటర్లే కదా, ఇంట్లో ఇంటర్నెట్‌కు, కెమెరాలకు వేసిన లాన్ వైరే ఇంకాస్త లాగేద్దాం అనుకుంటాం. పని చెడేది అక్కడే. గోడ దాటిన వైరు ఇక ఇంటి వైరు కాదు. దాని చుట్టూ సిమెంటు ఉండదు, తడి మన్ను ఉంటుంది. దాని ఒక కొస ఎర్త్ తీగ భూమిలోకి దిగే ఒక ఎర్త్ గుంత దగ్గర, రెండో కొస ఇంకో ఎర్త్ గుంత దగ్గర ఉంటాయి. దానికి దెబ్బ తగిలితే ఎవరి కంటికీ కనిపించదు. ఈ సంగతి బుర్రలో ఉంటే మిగతా పనంతా దానంతటదే సరైన దారిలో పడుతుంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కరెంటు లైను ఒకరు వేస్తారు, కెమెరాలు ఒకరు పెడతారు, అలారం ఇంకొకరు బిగిస్తారు. ట్రెంచి తవ్వే రోజున ముగ్గురిలో ఒక్కరే ఉంటారు. మిగతా ఇద్దరూ తర్వాత వచ్చి, పూడ్చిన మట్టి మీద పచ్చగడ్డి మొలిచాక, "దీంట్లోంచే లాగేద్దాం లెండి" అంటారు. అందుకే తవ్వే రోజున అక్కడ ఎవరున్నా సరే, మిగతా ఇద్దరి పని గురించి కూడా ఆలోచించాలి. మీలో కరెంటు పని మాత్రమే చేసేవాళ్లకు ఈ మాట మరీ మరీ చెబుతున్నాను.

తవ్వే ముందు స్థలం చుట్టూ ఇంటి యజమానితో కలిసి ఒకసారి నడవండి. మన దగ్గర ఏది ఎక్కడ ఉండాలో చాలావరకు వాస్తు చెబుతుంది. ఈశాన్యంలో బోరు, సంపు ఉంటాయి. కారు షెడ్డు ఎక్కువగా వాయవ్యం మూలకు వస్తుంది. సెప్టిక్ ట్యాంకు కూడా చాలా ఇళ్లలో అటే ఉంటుంది. అంటే మీ లైను సెప్టిక్ ట్యాంకు పక్క నుంచో, దాని పైపు మీదుగానో పోవాల్సి వస్తుంది. మోటారు నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు పోయే నీళ్ల పైపు ఎక్కడుందో అడగండి. మోటారు కేబుల్ పైపు లేకుండా ఊరికే మట్టిలో పూడ్చి ఉంటుంది చాలాచోట్ల, అది ఇంకా ముఖ్యం. కొబ్బరి చెట్టుకు మరీ దగ్గరగా పోవద్దు. దాని వేళ్లు సన్నవే కానీ గుత్తంగా అల్లుకుంటాయి, తర్వాత మళ్లీ తవ్వాలంటే నరకం.

ఇక నేల. మన దగ్గర నేల ఒకటే తీరుగా ఉండదు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి, కనిగిరి వైపు ఎర్రనేల, సముద్రం ఒడ్డున ఇసుక, చవుడు. వీటిలో పైపును ఎక్కువ ఏడిపించేది నల్లరేగడే. మే నెలలో చెయ్యి దూరేంత పగుళ్లు ఇస్తుంది, అక్టోబరులో వానలు పడగానే ఉబ్బుతుంది. ఏటా ఇదే తంతు. ఆ కదలికకు మామూలు గట్టి పీవీసీ పైపు, ముక్కలను కలిపే కప్లర్ల దగ్గర, అతికించిన సొల్యూషన్ విడిపోతుంది. విడిపోయినట్టు పైకి తెలియదు. లోపలికి మట్టి, వేళ్లు దూరతాయి. రేపు కొత్త వైరు లాగుదామంటే కదలదు. అందుకే నల్లరేగడిలో నా ఓటు చుట్టగా వచ్చే, వంగే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపుకే. ఇంటి నుంచి షెడ్డు దాకా ఒకటే ముక్క, మధ్యలో జాయింటు ఉండదు. టెలిఫోన్ వాళ్లు ఫైబర్ కోసం వాడే పీఎల్‌బీ డక్టు దొరికితే ఇంకా మంచిది. బయట 40 ఎంఎం, లోపల 33 ఎంఎం ఉంటుంది, లోపలి గోడ నున్నగా ఉంటుంది కాబట్టి కేబుల్ జారుతుంది. పైపు కింద మూడు అంగుళాలు, పైన మూడు అంగుళాలు ఇసుక పోయండి. మట్టి కదిలినా ఆ దెబ్బ నేరుగా పైపుకు తగలదు.

అసలు తెగేది ఎక్కడో చెప్పనా? మధ్యలో కాదు. ఇంటి పునాది దగ్గర, షెడ్డు పునాది దగ్గర. పునాది కదలదు, పక్కన మట్టి కదులుతుంది. పైపును గోడలో సిమెంటుతో బిగించేస్తే ఆ రెండిటి మధ్య నలిగి విరుగుతుంది. గోడలో కాస్త పెద్ద పైపు ముక్క పెట్టి, దాని లోపలి నుంచి మన పైపు వదులుగా పోనివ్వండి. బయట కొంచెం వంపుగా, ఒక అడుగు ఎక్కువ ఉండేట్టు వదలండి.

లోతు సంగతి. భూమిలో వేసే కేబుళ్లకు ఐఎస్ 1255 అని ఒక ప్రమాణం ఉంది. లో వోల్టేజీ కరెంటు కేబుల్, కంట్రోల్ కేబుల్ కనీసం 75 సెంటీమీటర్ల లోతున ఉండాలి అంటుంది, అంటే రెండున్నర అడుగులు. మనకు ఎలాగూ ఒకే ట్రెంచి తవ్వుతారు కాబట్టి ఆ లోతు దాకా తవ్వించండి. కరెంటు కేబుల్‌ను అడుగున ఒక పక్కకు, డేటా, అలారం పైపును రెండో పక్కకు వేసి, మధ్యలో ఒక అడుగు ఎడం ఉంచండి. ట్రాక్టరు తిరిగే చోట లోతు విషయంలో అస్సలు రాజీ పడొద్దు. పైపు మీద ఇసుక పోశాక ఇటుకలు పరిచి, మట్టి సగం పూడ్చాక హెచ్చరిక టేపు వేయండి. ఆ టేపు ఎందుకంటే, నల్ల హెచ్‌డీపీఈ పైపు చూస్తే ఎవరైనా పొలం నీళ్ల పైపే అనుకుంటారు. గడ్డపార వేసేవాడికి ముందు రంగు టేపు కనిపిస్తే చెయ్యి ఆగుతుంది.

ఒక్క పైపులోనే కరెంటు, డేటా రెండూ పెడదాం అనే మాట తప్పకుండా వస్తుంది, పైపు డబ్బులు మిగులుతాయని. వద్దు. ఇందులో చర్చే లేదు. కరెంటు వైరు పైతొడుగు ఎక్కడో చెడిందనుకోండి, 230 వోల్టులు అలారం వైరులోకి ఎక్కి, ఇంట్లో హాల్లో ఉన్న కీప్యాడ్ దాకా వస్తాయి. ఆ కీప్యాడ్ నొక్కేది ఇంట్లో పిల్లలు.

పైపుల లెక్క చెబుతాను. డేటాకు ఒకటి, అలారానికి ఒకటి, ఖాళీగా ఒకటి. ఖాళీ పైపులో నైలాన్ తాడు వేసి, రెండు కొసలూ మూత పెట్టి వదిలేయండి. తవ్వకం కూలీ, జేసీబీ ఖర్చు ఎలాగూ అవుతోంది, ఇంకో పైపు దానితో పోలిస్తే ఎంత? రేపు కారుకు చార్జింగ్ పాయింటు పెడతారు, దానికి డేటా లైను కావాలంటారు. గేటుకు మోటారు పెడతారు. షెడ్డు మీద సోలార్ పెడతారు, దాని ఇన్వర్టర్‌కు లైను కావాలంటారు. ఆ రోజు మళ్లీ తవ్వకుండా ఉంటే యజమాని మిమ్మల్నే పిలుస్తాడు.

పైపు నిండా వైర్లు కుక్కొద్దు. పైపు లోపలి జాగాలో నలభై శాతం మించి వైర్లు ఉండకూడదన్నది లెక్క. 33 ఎంఎం పైపులో ఏడు ఎంఎం మందం ఉన్న, బయట వేసే క్యాట్ సిక్స్ లాన్ కేబుళ్లు కాగితం మీద ఎనిమిది పడతాయి. లాగేటప్పుడు మాత్రం నాలుగు దాటితే చేతులు పడిపోతాయి. కేబుల్‌ను బలంగా లాగకూడదు కూడా. నాలుగు జతల లాన్ కేబుల్ తట్టుకునేది పదకొండు కిలోల లాగుడు మాత్రమే. ఇద్దరు మనుషులు కాలు తన్ని లాగితే లోపల జతల మెలిక సాగిపోతుంది. తర్వాత కెమెరా వస్తుంది, పోతుంది, వస్తుంది, ఎందుకో ఎవరికీ తెలియదు. ఒక్కసారిగా మలుపు తిరిగే ఎల్బోలు వాడొద్దు, పొడవాటి బెండ్లే వాడండి. రెండు బెండ్లకు మించి వస్తే మధ్యలో ఒక చాంబర్, అంటే మూత తీసి చూసుకునే చిన్న తొట్టి, కట్టండి.

నీళ్ల సంగతికి వద్దాం. పైపు బాగా సీల్ చేశాం, నీళ్లు రావు అని ఎవరైనా అంటే నమ్మకండి. వాన నీరు రాకపోయినా, పగటి వేడికి, రాత్రి చలికి లోపల గాలిలోని చెమ్మే నీటి చుక్కలై అడుగున చేరుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు ఎలాంటి వాన పడిందో మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి వాన తర్వాత రెండడుగుల లోతున మట్టి ఎన్ని రోజులు తడిగా ఉంటుందో ఆలోచించండి. భూమిలో పైపు అంటే నీళ్లున్న పైపు అనే లెక్క వేసుకుని కేబుల్ కొనాలి. ఇంట్లో వాడే తెల్ల, బూడిద రంగు పీవీసీ తొడుగు లాన్ వైరు దీనికి పనికిరాదు. ఆ తొడుగు మెల్లగా చెమ్మ పీలుస్తుంది. నల్ల పాలిథీన్ తొడుగు, లోపల జెల్లీ నింపిన కేబుల్ అడగండి. షాపులో లేదంటే తెప్పించమనండి. జెల్లీ చేతులకు అంటుకుంటుంది, చివర కట్టేటప్పుడు విసుగ్గానే ఉంటుంది. కానీ తొడుగుకు ఎక్కడైనా గీత పడ్డా నీరు కేబుల్ వెంబడి పాకకుండా ఆపేది ఆ జెల్లీయే.

పైపు వాలు ఎప్పుడూ ఇంటివైపు ఉండకూడదు. షెడ్డువైపో, బయట చాంబర్‌వైపో ఉండాలి. లేకపోతే నీరు నేరుగా మీ నెట్‌వర్క్ స్విచ్ ఉన్న బాక్సులోకి వస్తుంది. రెండు కొసల్లో డక్ట్ సీల్ ముద్ద పెట్టి మూయండి. చీమలు, ఎలుకలు, పాములు కూడా ఆ దారే వస్తాయి.

వైరు కొనేటప్పుడు ఇంకో పరీక్ష చేయండి. బ్లేడుతో రాగి తీగను గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి కాదు, రాగి పూత ఉన్న అల్యూమినియం. ధర తక్కువ, బరువు తక్కువ. దాని నిరోధం రాగి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు. పీఓఈ మీద కెమెరాకు కరెంటు కూడా అదే వైరులో పంపిస్తాం కదా, దూరం పోయే కొద్దీ వోల్టేజీ పడిపోతుంది. తడి తగిలిన చోట తీగ పొడి పొడి అవుతుంది. షెడ్డు లైనుకు దాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి, నాకు బాగా మనసుకు పట్టిన సంగతి. రాగి వేయాలా, ఫైబర్ వేయాలా?

లాన్ వైరు వంద మీటర్ల దాకా పనిచేస్తుంది. షెడ్డు నలభై మీటర్లలో ఉంది. లెక్క ప్రకారం రాగి చాలు, నిజమే. కానీ పిడుగు మీటర్లు లెక్కపెట్టదు. ఇంటికి ఒక ఎర్త్ గుంత ఉంది, షెడ్డుకు ఇంకోటి ఉంది. మామూలు రోజుల్లో రెండిటి మధ్య తేడా పెద్దగా ఉండదు. షెడ్డు దగ్గర చెట్టు మీద పిడుగు పడిందనుకోండి. పిడుగులో ప్రవాహం మామూలుగానే ముప్పై వేల ఆంపియర్ల దాకా ఉంటుంది, ఒక్కోసారి లక్ష ఆంపియర్లు కూడా దాటుతుంది. అందులో ఒక చిన్న వాటా, వెయ్యి ఆంపియర్లే, షెడ్డు ఎర్త్ గుంతలోకి దిగిందనుకుందాం. గుంత నిరోధం ఐదు ఓమ్‌లు. ఐదు వెయ్యిలు, ఐదు వేల వోల్టులు. ఆ క్షణానికి షెడ్డు ఎర్త్ ఇంటి ఎర్త్ కంటే ఐదు వేల వోల్టులు పైన ఉంటుంది. రెండు చెరువుల నీటి మట్టం ఒక్కసారిగా తేడా వస్తే, మధ్యలో తూము ఉంటే ఏమవుతుంది? నీరంతా ఆ తూములోంచే ఉరుకుతుంది. ఇక్కడ మీ లాన్ వైరే ఆ తూము. లాన్ పోర్టు లోపల ట్రాన్స్‌ఫార్మర్ 1,500 వోల్టుల దాకా తట్టుకునేట్టు చేస్తారు. ఐదు వేలు ఎక్కడ, పదిహేను వందలు ఎక్కడ? పిడుగు ఇంటి మీద పడలేదు, షెడ్డు మీద కూడా పడలేదు. అయినా ఇటు రూటరు, కెమెరాల రికార్డింగ్ చేసే ఎన్‌వీఆర్, అటు నెట్‌వర్క్ స్విచ్, కెమెరా ఒకేసారి పోతాయి. యజమాని "పిడుగు మా ఇంటి మీద పడనే లేదు కదా, నువ్వు పెట్టిన సామానే మంచిది కాదు" అంటాడు. మీ దగ్గర జవాబు ఉండదు.

ఫైబర్ గాజు. దాంట్లో కరెంటు పారదు. అటు ఎర్త్ ఎంత ఎగిసినా ఇటు తెలియదు. ఇంటికీ షెడ్డుకూ మధ్య డేటా లైను ఫైబరే ఉండాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే, దూరం కోసం కాదు. రెండు కొసల్లో ఫైబర్ వెలుతురును లాన్ సిగ్నల్‌గా మార్చే రెండు మీడియా కన్వర్టర్లు, లేదా ఫైబర్ కోసం ఎస్‌ఎఫ్‌పీ పోర్టు ఉన్న స్విచ్‌లు పెడితే చాలు. ఒకప్పుడు ఫైబర్ అంటే భయపడేవాళ్లం, అతికే మిషన్ హైదరాబాద్ నుంచి రావాలని. ఇప్పుడు ఇంటింటికీ ఫైబర్ ఇంటర్నెట్ వచ్చింది, కేబుల్ టీవీ ఆపరేటర్ల దగ్గరే ఆ అతికే స్ప్లైసింగ్ మిషన్లు ఉన్నాయి. రెండు కొసలూ కనెక్టర్లు కట్టి వచ్చే రెడీమేడ్ కేబుల్ కూడా దొరుకుతుంది, పైపు పెద్దదైతే కనెక్టర్‌తో సహా లాగొచ్చు. రెండు కోర్లు, అంటే రెండు గాజు పోగులు, సరిపోతాయి, నాలుగు వేయండి. కొసలో కన్ను పెట్టి చూడొద్దు, ఆ వెలుతురు కంటికి కనిపించదు కానీ కంటిని పాడు చేయగలదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. పందికొక్కుల భయంతో ఆర్మర్డ్ ఫైబర్ తీసుకుంటాం. దాని చుట్టూ ఉక్కు తొడుగు ఉంటుంది. ఇంటర్నెట్ వాళ్లు స్తంభాల మీద లాగే డ్రాప్ కేబుల్‌లో కూడా ఉక్కు తీగ ఉంటుంది. గాజు వేశాం కదా అని ధీమాగా ఉంటే, ఆ ఉక్కే మళ్లీ రెండు ఎర్త్‌లనూ కలిపేస్తుంది. అంత కష్టపడి ఫైబర్ వేసింది వృథా. మంచి పైపు ఉంది కాబట్టి లోహం లేని ఫైబర్ తీసుకోండి. ఉక్కు ఉన్నదే దొరికితే ఒక కొసలోనే ఎర్త్ చేసి, రెండో కొసలో ఆ ఉక్కును లోపలికి రాకముందే కత్తిరించి వేరుగా ఉంచండి.

ఫైబర్‌లో పీఓఈ పోదు, అంటే షెడ్డులో స్విచ్‌కు అక్కడే కరెంటు కావాలి. కరెంటు పోతే కెమెరా పోతుంది. చిన్న యూపీఎస్ షెడ్డులోనే పెట్టండి. దొంగ ముందు తీసేది మెయిన్ స్విచ్చే, ఆ పని వాడికి బాగా తెలుసు.

ఇటు నుంచి ఒక తమ్ముడు చెయ్యెత్తాడు. అడుగు నాన్నా. "సార్, ఇంత తవ్వకం ఎందుకు, వైఫై పెడితే సరిపోదా?" మంచి ప్రశ్న. ఫోన్ చూసుకోవడానికి అయితే సరిపోతుంది. షెడ్డు అంటే మన దగ్గర రేకుల కప్పు, ఇనుప షట్టరు. ఇంట్లో రూటరు సిగ్నల్ ఆ రేకు దాటి లోపలికి పోదు. బయట ఎదురెదురుగా రెండు రేడియోలు పెడితే పని జరుగుతుంది, మధ్యలో మామిడి చెట్టు లేకపోతే. చెట్టుకు చిగురు వచ్చిందంటే లింకు బలహీనపడుతుంది. పొలంలో అర కిలోమీటరు దూరంలో ఉన్న గదికి నేను కూడా రేడియోనే చెబుతాను. ఇంటి ఆవరణలో ఉన్న షెడ్డుకు మాత్రం పైపే. ముఖ్యంగా అలారం వైరు మీదే రావాలి.

అలారం సంగతి చెబుతాను. ఎక్కువ మంది తేలిగ్గా తీసుకునేది దీన్నే.

షట్టరుకు పెట్టే మాగ్నెటిక్ కాంటాక్టు మూసి ఉన్నప్పుడు రెండు వైర్లనూ కలిపి ఉంచుతుంది. షట్టరు లేస్తే విడదీస్తుంది. ఇంట్లో ఉన్న అలారం ప్యానెల్‌కు తెలిసేది కలిసి ఉన్నాయా, విడిపోయాయా అన్నది మాత్రమే. వైరు తెగితే విడిపోయినట్టే లెక్క కాబట్టి అలారం మోగుతుంది, మంచిదే. కానీ భూమిలో ఎక్కడో ఆ రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుకున్నాయనుకోండి. పందికొక్కు తొడుగు కొరికింది, లేదా గునపం దెబ్బకు నలిగింది. ఇక అవతల షట్టరు లేపినా, కాంటాక్టును ఊడబెరికినా ఇవతల ప్యానెల్‌కు అంతా మూసి ఉన్నట్టే. పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. ఇంట్లో అందరూ హాయిగా నిద్రపోతారు. పని చేయని అలారం కంటే పని చేస్తున్నట్టు కనిపించే అలారం ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే దాన్ని నమ్మి కుక్కను కూడా కట్టేస్తారు.

దీనికి మందు ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్. ప్యానెల్ తయారీని బట్టి 2.2, 4.7, 5.6 కిలో ఓమ్‌లు, ఏదో ఒకటి ఉంటుంది, మాన్యువల్‌లో రాసి ఉంటుంది, ప్యానెల్ డబ్బాలోనే ఇస్తారు. అవతల కాంటాక్టు దగ్గర దాన్ని కట్టాలి. అప్పుడు ప్యానెల్ చూసేది కలిసిందా విడిపోయిందా అని కాదు, సరిగ్గా ఆ విలువే వస్తోందా అని. వైరు తెగితే విలువ అంతులేకుండా పెరుగుతుంది, వైర్లు తగులుకుంటే సున్నా అవుతుంది. రెండిటినీ ప్యానెల్ పట్టేస్తుంది. రెండు రెసిస్టర్లు కట్టే పద్ధతిలో అయితే షట్టరు తెరవడాన్నీ, వైరు తెగడాన్నీ కూడా విడివిడిగా చెబుతుంది.

మరి చాలాచోట్ల ఏం చేస్తున్నారు? ప్యానెల్ మూత తీస్తే ఆ రెసిస్టర్లు ప్యానెల్ టెర్మినళ్లలోనే బిగించి కనిపిస్తాయి. షెడ్డు దాకా నడిచి, నిచ్చెన ఎక్కి, కాంటాక్టు దగ్గర కట్టడానికి బద్ధకం. ప్యానెల్ దగ్గర పెడితే అది ప్యానెల్‌ను ఊరుకోబెట్టడానికే తప్ప దేనికీ పనికిరాదు. వైర్లు మధ్యలో తగులుకున్నా ఆ విలువ అలాగే కనిపిస్తూ ఉంటుంది. నలభై మీటర్లు భూమిలో పడుకున్న వైరుకు కాపలా పెట్టడానికే ఆ రెసిస్టర్ పుట్టింది. దాన్ని తెచ్చి ఇంట్లో కూర్చోబెడితే కాపలా ఎవరికి? ఈ రోజు నేను చెప్పినవాటిలో ఒక్కటే గుర్తు పెట్టుకుంటామంటే ఇదే గుర్తు పెట్టుకోండి తమ్ముళ్లూ. రెసిస్టర్ ఉండాల్సింది అవతలి కొసలో.

జాయింటులో నీరు చేరితే ఇంకో రకం తంటా. నీరు పూర్తిగా షార్ట్ చేయదు, పది కిలో ఓమ్‌ల లీకేజీ లాంటిది ఇస్తుంది. 5.6 కిలో ఓమ్‌ల పక్కన పది కిలో ఓమ్‌లు వస్తే ప్యానెల్‌కు 3.6 కనిపిస్తుంది. వాన రాత్రుల్లో ఉత్తపుణ్యానికి అలారం మోగుతుంది. మొదటి రాత్రి లేచి చూస్తారు, రెండో రాత్రి తిట్టుకుంటారు, మూడో రాత్రి స్విచ్ ఆపేస్తారు. ఆ తర్వాత అలారం గోడ మీద ఉంటుంది కానీ ఎవరూ ఆన్ చేయరు. కాబట్టి అలారం వైరుకు భూమిలో జాయింటు వద్దు. ఇంటి ప్యానెల్ నుంచి షెడ్డు బాక్సు దాకా ఒకటే ముక్క.

పిడుగు అలారం వైరును కూడా వదలదు, అదీ రాగే కదా. ప్యానెల్‌లోకి వెళ్లే ముందు పిడుగు వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్లించే సర్జ్ అరెస్టర్ పెట్టండి, అవతల ఏదైనా ఎలక్ట్రానిక్ సామాను ఉంటే అక్కడ కూడా. అరెస్టర్ నుంచి ఎర్త్‌కు పోయే తీగ వీలైనంత పొట్టిగా, తిన్నగా ఉండాలి. చుట్టలు చుట్టి పెడితే అరెస్టర్ పెట్టినా పెట్టనట్టే. మాగ్నెటిక్ కాంటాక్టుకు కరెంటు అక్కర్లేదు కాబట్టి దానిలో పెద్దగా పాడయ్యేది ఏమీ లేదు, రాగి వైరు మీద పెట్టడానికి అదే మంచి సెన్సర్. షెడ్డులో మూడు నాలుగు సెన్సర్లు ఉంటే, కెమెరాకు వెనక అలారం ఇన్‌పుట్ ఉన్న మోడల్ తీసుకుని, సెన్సర్లను అక్కడే కట్టి, కబురు ఫైబర్ మీద పంపించే దారి కూడా ఉంది. అప్పుడు భూమిలో రాగే ఉండదు. ఖర్చు కాస్త పెరుగుతుంది. పిడుగులు ఎక్కువ పడే చోట ఆ ఖర్చు పెట్టమనే చెబుతాను.

సైరన్ షెడ్డు మీద పెట్టి ఇంటి నుంచి 12 వోల్టులు పంపిస్తే వైరు మందం లెక్క వేయండి. అర చదరపు ఎంఎం రాగి కిలోమీటరుకు 39 ఓమ్‌లు. నలభై మీటర్లు పోయి, నలభై మీటర్లు తిరిగి రావాలి, మొత్తం ఎనభై. మూడు ఓమ్‌ల పైచిలుకు. సైరన్ అర ఆంపియర్ తీసుకుంటే ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు మోగుతుంది. కరెంటు పోయి, బ్యాటరీ దిగి, పదకొండు వోల్టుల దగ్గర ఉన్నప్పుడు గొంతు పట్టేస్తుంది. ఒకటిన్నర చదరపు ఎంఎం వైరు వేస్తే పోయేది అర వోల్టే. లేదంటే సొంత బ్యాటరీ ఉన్న సైరన్ పెట్టండి.

పూడ్చే ముందు చేయాల్సినవి కొన్ని. కొలిచే టేపు ప్రహరీ గోడ నుంచి ట్రెంచి దాకా పట్టి, అంకెలు కనిపించేలా ఫోన్‌తో ఫొటోలు తీయండి. వంపు తిరిగే ప్రతి చోటా తీయండి. ఆ ఫొటోలు యజమాని ఫోన్‌కు పంపండి, మీ దగ్గర కూడా ఉంచుకోండి. రెండు కొసలూ ప్యానెల్ నుంచి, సెన్సర్ నుంచి విప్పేసి రాగి అలారం వైర్లకు, తొడుగు ఇన్సులేషన్‌ను కొలిచే మెగ్గర్ పెట్టి చూడండి. విప్పకుండా మెగ్గర్ పెడితే ఐదు వందల వోల్టులు ప్యానెల్‌లోకి పోతాయి, జాగ్రత్త. వచ్చిన రీడింగు, వైరు పోయి తిరిగి వచ్చే లూపు నిరోధం, తేదీ ఒక కాగితం మీద రాసి ప్యానెల్ మూత లోపల అతికించండి. వానలు వెనక్కి తగ్గాక, జనవరి ప్రాంతంలో, ఒకసారి వెళ్లి మళ్లీ కొలవండి. రీడింగు బాగా పడిపోయి ఉంటే నీరు ఎక్కడో దారి వెతుక్కుందన్నమాట. అలారం తప్పుడు కూతలు మొదలుపెట్టకముందే మీకు తెలిసిపోతుంది.

వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు, గట్టిగా చెప్పండి. "జేసీబీ తగిలి తెగిపోతే అతికేస్తే సరిపోతుందా?" పైపు మధ్యలో తెగిందంటే ముందు పైపు బాగు చేయండి. హెచ్‌డీపీఈకి కంప్రెషన్ కప్లర్ దొరుకుతుంది, బోరు సామాను షాపుల్లో ఉంటుంది. ఆ తర్వాత తెగిన కేబుల్ కొసకు తాడు కట్టి పాతది బయటికి లాగుతూ, అదే తాడుతో కొత్త ముక్క లోపలికి లాగేయండి. పైపు వేసింది అందుకే. మట్టిలో జాయింటు కట్టి, ఇన్సులేషన్ టేపు చుట్టి, పైన పాలిథీన్ కవరు చుట్టి పూడ్చడం మాత్రం చేయొద్దు. జాయింటు తప్పదంటే అక్కడ చాంబర్ కట్టి, జెల్లీ కనెక్టర్లు వాడి, మూత తీసి చూసుకునేట్టు ఉంచండి. ఫైబర్ అయితే స్ప్లైసింగ్ వాడిని పిలిచి చాంబర్‌లోనే జాయింట్ బాక్సు పెట్టించండి. పేరు రాసిన రాయి ఒకటి దాని మీద పాతండి.

బయట వరండాలో 40 ఎంఎం డక్టు చుట్ట, రెండు బెండ్లు, జెల్లీ కేబుల్, లోహం లేని ఫైబర్ ముక్కలు పెట్టాం. ఒక ప్యానెల్ కూడా ఉంది, రెసిస్టర్ ఇటు పెడితే ఏం కనిపిస్తుంది, అటు పెడితే ఏం కనిపిస్తుంది అని వైర్లు తగిలించి చూడొచ్చు. రండి, ఐటీఐ పిల్లలు ముందు రండి, మీరే లాగి చూడండి.